నిచ్చెన మీద చైన్ సా వద్దు: గాలివానలకు ముందు జాగ్రత్తలు

పోయిన వారం గాలిదుమారానికి హైదరాబాద్ సైనిక్‌పురిలో మా వీధి చివర గుల్‌మొహర్ కొమ్మ ఒకటి విరిగి ప్రహరీ మీద వేలాడింది. మర్నాడు అపార్ట్‌మెంట్ వాళ్లు చైన్ సా (ఇంజిన్‌తో తిరిగే గొలుసు రంపం) కిరాయికి తెచ్చి వాచ్‌మన్ చేతికిచ్చారు. అతను అల్యూమినియం నిచ్చెన ఎక్కాడు. కింద భార్య పట్టుకుని నిలబడింది. కేక విని నేను పరుగెత్తుకెళ్లేసరికి నిచ్చెన పక్కకు పడి ఉంది. ఆమె జుట్టు నిండా రంపపు పొట్టు, చేతిలో రక్తంతో తడిసిన తువ్వాలు. గాటు వాచ్‌మన్ ఎడమ భుజం మీద, మెడకు రెండు వేళ్ల దూరంలో పడింది. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం ఇంకా పైకి లేవడం లేదు.

ఏళ్ల తరబడి ఈ మిషన్లు రిపేరు చేస్తున్నాను. మృగశిర వస్తోందంటే ఇలాంటి కబుర్లు మొదలవుతాయి. గ్లౌజులు వేసుకోండి, తాగి మిషన్ పట్టకండి లాంటివి మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. నాకు తెలిసిన పెద్ద దెబ్బల్లో ఎక్కువ భాగం దాని వల్లే తగిలాయి. అదే నిచ్చెన ఎక్కి చైన్ సా నడపడం.

ఎందుకో వివరంగా చెబుతాను. ఫుల్ రేసులో చైన్ సెకనుకు 20 మీటర్లకు అటూ ఇటూ పరుగెడుతుంది. చైన్ చుట్టూ తిరిగే పొడవాటి రేకును బార్ అంటారు. ఆ బార్ కొసలో పై సగం దేనికైనా తగిలిందంటే పళ్లు అక్కడ పట్టుకుంటాయి, కోత ఆగిపోతుంది, ఆ ఊపంతా మిషన్‌ను పైకి, వెనక్కి, మీ మొహం మీదికి విసురుతుంది. రెప్ప వేసేలోపు అయిపోతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. ముందు పిడి ఎదుట ఉండే ప్లాస్టిక్ కవచం అందుకోసమే పెట్టారు. మిషన్ ఎగిరితే ఎడమ మణికట్టు దానికి తగిలి బ్రేక్ పడి చైన్ ఆగాలి. నిచ్చెన మీద ఆ ఎడమ చెయ్యి ఎక్కడుంటుంది? నిచ్చెననో కొమ్మనో పట్టుకుని ఉంటుంది. కుదుపుకే బ్రేక్ పడే ఏర్పాటు కొన్ని మిషన్లలో ఉన్నా, దాని మీద ప్రాణం పెట్టకండి.

పైగా తల ఎత్తి కోస్తున్నప్పుడు బార్ కొస ఆకుల్లో ఎక్కడుందో కనిపించదు. తెగిన కొమ్మ నేరుగా కింద పడదు, మొదలు వైపు ఊగి నిచ్చెననే కొడుతుంది. అందుకే నిచ్చెన వద్దు. కింద నలుగురు పట్టుకున్నా వద్దు. భుజం ఎత్తు దాటిన కొమ్మకు దోటికి బిగించిన చేతి రంపం వాడండి, లేదా తాళ్లు, బెల్టు కట్టుకుని ఎక్కే పనివాళ్లను పిలవండి. వాళ్లు అడిగే కూలి ఎక్కువేమీ కాదు.

మొదలుపెట్టే ముందు చైన్ వేలాడుతోందా చూడండి. ఇంజిన్ ఆపి ఉండగా చేత్తో లాగితే సాఫీగా తిరగాలి, బార్ నుంచి జారకూడదు. పొట్టు పిండిలా రాలుతుంటే చైన్ మొద్దుబారినట్టు. అలాంటప్పుడు మనిషి మిషన్‌ను అదిమి కోస్తాడు, అదిమిన మిషన్ ఎటు జారుతుందో తెలియదు. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేక్ వేసి నేల మీద పెట్టండి. వెనక పిడిలో కుడికాలు బూటు, ముందు పిడి మీద ఎడమ చెయ్యి, కుడిచేత్తో తాడు లాగండి. గాల్లో ఊపుతూ లాగడం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కోసేటప్పుడు రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి, ఎడమ బొటనవేలు పిడి కిందుగా చుట్టుకోవాలి. బార్‌కు ఎదురుగా నిలబడకండి, కాస్త ఎడమ పక్కకు జరగండి.

గాలికి పడిపోయిన చెట్టు వేరే సంగతి. గుల్‌మొహర్ వేళ్లు లోతుకు పోవు, వేళ్లతో సహా లేచి పడుతుంది. కాండం కోసి బరువు తీసేస్తే మొదలు ఒక్కసారిగా తిరిగి గుంటలోకి నిలబడిపోతుంది. ఆ గుంట దగ్గరికి పిల్లలను రానివ్వకండి, మీరూ పోకండి. వంగి బిగుసుకున్న కొమ్మ విల్లులాంటిది. రెండు చివరలా ఆని మధ్యలో వేలాడుతుంటే పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోయాలి. ఒక పక్కే ఆని రెండో పక్క గాల్లో ఉంటే ముందు కింద, తర్వాత పైన. తారుమారైతే బార్ ఇరుక్కుంటుంది, లేదా కొమ్మ చీలి మొహానికి కొడుతుంది.

ఇక మిగిలినవి, ఒక్కటీ వదలొద్దు.

కరెంటు తీగ తగిలిన కొమ్మను ముట్టుకోకండి, ముందు 1912కు ఫోన్ చేయండి. తడి కొమ్మలో కరెంటు పారుతుంది.

నిలబడి ఉన్న చెట్టును అనుమతి లేకుండా కొట్టకండి, నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం ఉంది.

లుంగీ, చున్నీ, హవాయి చెప్పులు వద్దు. కళ్లద్దాలు, చెవులకు మూతలు తప్పనిసరి, మోత 100 డెసిబెల్స్ దాటుతుంది.

వేడి ఇంజిన్‌లో పెట్రోలు పోయకండి. పోసిన చోటు నుంచి 3 మీటర్లు జరిగాకే స్టార్ట్ చేయండి.

లోహం కోసే చేతి గ్రైండర్‌కు బిగించే చైన్ సా బార్ కొనకండి. కొని ఉంటే వాడకండి. దానికి చైన్ బ్రేక్ ఉండదు.

రెండడుగులు నడవాలన్నా బ్రేక్ వేయండి.

వాచ్‌మన్‌కు ఇవ్వకండి. "అన్నా, అయిదు నిమిషాల పనే" అని ఎవరినీ బతిమాలకండి.

చీకటి పడితే ఆపండి. వాన పడితే ఆపండి. చేతులు వణికితే ఆపండి.

నిచ్చెన ఎక్కకండి. స్టూలు, కుర్చీ, ప్రహరీ గోడ, ట్రాలీ ఆటో టాపు, ఏదీ ఎక్కకండి.

ఒంటరిగా కోయకండి. పక్కన ఉన్న మనిషి కొమ్మ తగలనంత దూరంలో, జేబులో ఫోన్‌తో నిలబడాలి. గాటు పడితే పసుపు, కాఫీ పొడి చల్లొద్దు. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టండి, 108కు ఫోన్ చేయించండి. రక్తం ఆగిందో లేదో అని గుడ్డ తీసి చూడకండి. తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేసి, అంబులెన్స్ వచ్చేదాకా అలాగే అదిమి ఉంచండి.