రాకెట్ గ్లైడర్ సరిగా ఎగరకపోతే: తప్పు ఎప్పుడు మొదలైందో చూసి కారణం పట్టుకోండి

రాకెట్ గ్లైడర్ అంటే రాకెట్ మోటారుతో లేచి, రేడియో రిమోట్ అదుపులో జారుతూ దిగే మోడల్ విమానం. మోటారు మండినంతసేపూ (దీన్నే బూస్ట్ అంటాం) అది నిలువుగా పైకి పోవాలి. మోటారు ఆరిపోగానే గాలిలో జారుతూ నెమ్మదిగా దిగాలి (ఇది గ్లైడ్). ఈ రెండు పనులకూ ఉన్నది ఒకటే రెక్క, ఒకటే జత ఎలెవాన్లు, అంటే రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు. దాళ్వా కోతలయ్యాక మా కోనసీమ చేలల్లో కూలగా నేను చూసిన మోడళ్ళలో ఎక్కువ భాగం, రెండు పనులనూ ఒకే ట్రిమ్‌తో (ఆ పలకలను నిలిపి ఉంచే స్థానంతో) సరిపెట్టబోయి పోయినవే. అమెరికా రాకెట్ విమానం ఎక్స్-15 కానివ్వండి, అక్కడిదే అంతరిక్ష విమానం డిజైన్ డైనా-సోర్ కానివ్వండి, ఇస్రో వారి రెక్కల వాహనం పుష్పక్ కానివ్వండి, ఏ మోడల్‌కైనా ఇదే చిక్కు.

కూలిన మోడల్ దగ్గరికి పరిగెత్తేముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోండి: తప్పు ఎప్పుడు మొదలైంది? వేగం పెరిగేకొద్దీ పెరిగిందంటే లోపం రెక్కల వంకరలోనో ఎలెవాన్లలోనో ఉంది. వేగం తగ్గాక బయటపడిందంటే మొదట బరువు ఎటు ఎక్కువైందో చూడాలి. మోటారు మండుతున్నప్పుడు మాత్రమే ఉండి, ఆరగానే పోయిందంటే మోటారు గొట్టం వంకరగా అతికింది. బూస్ట్ అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. ఫోనులో వీడియో తీసే మనిషి పక్కన ఉండి తీరాలి.

మోటార్ల గురించి ముందే ఒక మాట. ఇక్కడ రాసేదంతా కంపెనీ తయారుచేసిన, నిదానంగా మండే మోటార్లను దృష్టిలో పెట్టుకునే. ఏరోటెక్ ఈ6 అలాంటిది. పేరులో 6 అంటే సగటున 6 న్యూటన్ల థ్రస్ట్ (తోపు బలం). ఇంట్లో మోటారు మందు కలిపే ఆలోచనే వద్దు. చేతులు పోతాయి, ప్రాణాలు పోతాయి. లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు తయారుచేయడం 1884 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. చట్టబద్ధంగా మోటారు దొరకకపోతే రబ్బరు తాడుతో లాగి వదలండి, లేదా తోక దగ్గర చిన్న ఎలక్ట్రిక్ మోటారు పెట్టండి. కింద చెప్పిన ట్రిమ్ పద్ధతి చాలావరకు వాటికీ పనికొస్తుంది. ఎగరేసే చేను ప్రభుత్వ డ్రోన్ మ్యాపు డిజిటల్ స్కైలో గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. రాజమండ్రి వైపు వాళ్ళు మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల అసలు ఎగరేయవద్దు.

సమస్య: రెయిల్ (మోడల్‌ను పైకి నడిపించే కడ్డీ) వదలగానే వెనక్కి లూప్ కొట్టి నేలను తాకుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేదీ, మోడల్‌ను పూర్తిగా ముక్కలు చేసేదీ ఇదే. కారణాలు మూడు ఉండొచ్చు, ఈ వరసలోనే చూడండి.

మొదటిది, గ్లైడ్ ట్రిమ్‌తోనే పైకి వదిలేయడం. తోకలేని డెల్టా (త్రిభుజాకారపు) రెక్క జారుతూ దిగాలంటే ఎలెవాన్లు రెండూ కొద్దిగా పైకి లేచి ఉండాలి, ఉదాహరణకు 4 మిల్లీమీటర్లు. గ్లైడ్‌లో సెకనుకు 10 మీటర్ల వేగం అనుకుందాం. బూస్ట్‌లో అది 30 అయితే వేగం మూడు రెట్లు, ఎలెవాన్ మీద గాలి చూపే బలం తొమ్మిది రెట్లు. ముక్కును సుతారంగా ఎత్తిపట్టిన ఆ 4 మిల్లీమీటర్లే ఇప్పుడు మోడల్‌ను వెనక్కి తిప్పేస్తాయి.

పరిష్కారం: ట్రాన్స్‌మిటర్‌లో రెండు ఫ్లైట్ మోడ్‌లు పెట్టి ఒక స్విచ్‌కు కలపండి. బూస్ట్ మోడ్‌లో ఎలెవాన్లు రెక్కతో సమంగా, ఒకే గీతలో ఉండాలి. గ్లైడ్ మోడ్‌లో మీరు చేతితో విసిరి కనుక్కున్నంత ఎత్తులో ఉండాలి. మోటారు ఆరి, మోడల్ వేగం కాస్త తగ్గాక స్విచ్ వేయండి. తొందరపడి మంట ఉండగానే వేస్తే అదే లూప్ ఆకాశంలో పడుతుంది. స్విచ్‌ను బొటనవేలికి కాకుండా చూపుడువేలికి అందేచోట పెట్టుకుంటే స్టిక్ వదలక్కర్లేదు. రెయిల్ మీద పెట్టాక, మోటారును అంటించే ఇగ్నైటర్ వైర్లు కలపకముందు, వెనక నుంచి ఎలెవాన్లను కళ్ళతో చూడండి. స్టిక్ వెనక్కి లాగితే రెండూ లేవాలి, కుడికి వేస్తే కుడిది లేవాలి. ఈ పరీక్ష మానేయడానికి ఏ తొందరా కారణం కాదు.

రెండోది, సీజీ (మోడల్ బరువు సమతూగే చోటు) వెనక్కి ఉండటం. నిండు మోటారు తోకలోనే కూర్చుంటుంది కాబట్టి ఖాళీ గొట్టంతో బ్యాలెన్స్ చూసి తృప్తి పడితే లాభం లేదు. నిండు మోటారు, బ్యాటరీ, రిసీవర్ అన్నీ పెట్టాకే చూడాలి. సాదా త్రిభుజపు డెల్టాకు లెక్క సులువు. బాడీకి అతికే చోట రెక్క పొడవు 400 మిల్లీమీటర్లయితే, ముందు కొస నుంచి సగం దూరం, అంటే 200 మిల్లీమీటర్లు, తటస్థ బిందువు (సీజీ అక్కడికి చేరితే నిలకడ పోతుంది). సీజీ దానికి ముందు ఉండాలి. 170 నుంచి 180 మధ్య మొదలుపెట్టండి. ముందు పొడవైన బాడీ ఉంటే ఆ తటస్థ బిందువు ఇంకా ముందుకు జరుగుతుంది కాబట్టి సీజీని కూడా జరపాలి. పుష్పక్‌ది డబుల్ డెల్టా (ముందు అంచు మధ్యలో వాలు మారే రెక్క), దానికి ఈ లెక్క సరిగ్గా కుదరదు. ఎక్స్-15కు తోక విడిగా ఉంది, దానికి అసలు వర్తించదు. వాటికి ప్లాన్‌లో ఇచ్చిన గుర్తే ఆధారం.

మూడోది, మోటారు గీత. నాజిల్ నుంచి ముక్కు వైపు దారం లాగి చూడండి. దారం సీజీకి కిందుగా పోతే థ్రస్ట్ ముక్కును ఎత్తుతుంది, పైగా పోతే దించుతుంది. గొట్టం ఊడదీసి మళ్ళీ అతికించడమే మందు. ట్రిమ్‌తో సర్దితే మోటారు ఆరాక ఆ ట్రిమ్మే తప్పవుతుంది.

సమస్య: పైకి నేరుగా పోయింది, దిగేటప్పుడు ముక్కు దించి దూసుకొస్తోంది

ఇది పై సమస్యకు రెండో ముఖం. తోకలో ఉన్న మందు మండిపోతే సీజీ ముందుకు జరుగుతుంది. 340 గ్రాముల మోడల్‌లో, సీజీకి 200 మిల్లీమీటర్లు వెనక ఉన్న 20 గ్రాముల మందు పోతే జరిగేది సుమారు 12 మిల్లీమీటర్లు. అది చిన్న మార్పేమీ కాదు.

చాలామంది ఇక్కడ తోకకు బరువు కడతారు. దయచేసి కట్టకండి. తరువాతి బూస్ట్‌లో అదే బరువు లూప్ కొట్టిస్తుంది. గ్లైడ్ మోడ్‌లో ఎలెవాన్లను ఒక మిల్లీమీటరు చొప్పున పెంచుతూ, ఖాళీ మోటారు కేసుతో చేతితో విసిరి చూడండి. నేలకు సమాంతరంగా, గాలికి ఎదురుగా, మనిషి భుజం ఎత్తు నుంచి విసరాలి. ముక్కు లేచి, ఆగి, పడి, మళ్ళీ లేస్తుంటే ఎలెవాన్లు ఎక్కువ లేచాయి. తిన్నగా జారి పొట్టతో దిగితే అదే గ్లైడ్ ట్రిమ్. ఆ ఎత్తును స్కేలుతో కొలిచి రెక్క మీదే మార్కరుతో రాయండి.

అసలు విమానాలు కట్టినవాళ్ళూ ఈ రెండు పనులనూ విడదీసే పరీక్షించారు. ఎక్స్-15 మొదటిసారి 1959 జూన్ 8న ఎగిరింది మోటారు వెలిగించకుండానే. దాన్ని వెలిగించింది సెప్టెంబరు 17న. ఇస్రో 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఆర్ఎల్‌వీని (పుష్పక్ ఈ వరసలోదే) ఘన బూస్టర్ మీద సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. రన్‌వే మీద దిగే పరీక్షను 2023 ఏప్రిల్ 2న చిత్రదుర్గ దగ్గర, చినూక్ హెలికాప్టర్ నుంచి 4.5 కిలోమీటర్ల ఎత్తులో వదిలి, వేరేగా చేసింది. వాళ్ళకే అది అవసరమైనప్పుడు, మనం చేతితో విసరకుండా మోటారు పెట్టడం ఏం న్యాయం?

సమస్య: బూస్ట్‌లో బొంగరంలా తిరుగుతోంది

వేగంతో పెరిగే తప్పు కాబట్టి వంకర వెతకాలి. మన ప్రాంతంలో దీనికి మొదటి కారణం ఎండ. మే నెలలో కారు వెనక అద్దం కింద పెట్టిన ఫోమ్ రెక్క ఒక పూటలో మెలి తిరుగుతుంది. ఎక్స్-15కు నలుపు రంగే అందం, అసలుదాని నికెల్ మిశ్రమలోహపు తొడుగు వేడిని తట్టుకునేలా చేసింది. మన ఫోమ్ అలాంటిది కాదు. పైభాగం నల్లగా వేసినా అడుగు తెల్లగా వదిలేయండి, ఎగరేసేదాకా తడి తువ్వాలు నీడలో ఉంచండి.

రెక్కను బల్ల మీద పెట్టి వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే మెలి కనిపిస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి వెచ్చచేసి, ఎదురుదిశలో తిప్పి, చల్లారేదాకా పట్టుకోండి. అంచున సన్నని కార్బన్ పుల్ల అతికిస్తే మళ్ళీ రాదు. అది లేకపోతే నున్నగా చీరిన వెదురు పుల్ల కూడా నిలబడుతుంది. తరువాత ఫిన్‌లు (నిలువు పలకలు) నిలువుగా ఉన్నాయో లేదో మూలమట్టంతో చూడండి. ఎక్స్-15కు రెక్కల మీద ఎయిలెరాన్లు లేవు, తోక రెండు సగాలే వేర్వేరుగా కదిలి విమానాన్ని దొర్లిస్తాయి. మోడల్‌లోనూ అలాగే చేస్తే ఆ సగాల మధ్య అర మిల్లీమీటరు తేడా ఉన్నా దొర్లుతుంది.

సమస్య: దిగేటప్పుడు అటూ ఇటూ ఊగి బోర్లా పడుతోంది

రెక్కలే లేని లిఫ్టింగ్ బాడీలు, అంటే బాడీ ఆకారంతోనే గాలిలో తేలే విమానాలు, కట్టినవాళ్ళకు ఇది బాగా తెలుసు. వాటిలో నాసా వారి ఎం2-ఎఫ్2 1967 మే 10న దిగుతూ ఇలాగే ఊగింది, ఆ తరువాత నేలను కొట్టింది. పైలట్ బ్రూస్ పీటర్సన్ తీవ్రంగా గాయపడి బతికాడు. దాన్ని మళ్ళీ కట్టినప్పుడు మధ్యలో మూడో ఫిన్ చేర్చి ఎం2-ఎఫ్3 అన్నారు, అది చక్కగా ఎగిరింది. ఇంకో లిఫ్టింగ్ బాడీ హెచ్ఎల్-10 కూడా 1966 డిసెంబరులో మొదటిసారి ఎగిరినప్పుడు, బయటి ఫిన్‌ల మీద గాలి విడిపోయి అదుపు మందగించింది. ఫిన్‌ల ముందు అంచులు మార్చి, 1968 మార్చిలో గానీ మళ్ళీ ఎగరేయలేదు.

మోడల్‌కు మందు కూడా అదే. ఫిన్ విస్తీర్ణం పెంచండి. రూపం చెడుతుందని బాధగా ఉంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుతో ఫిన్‌ను వెనక్కి పొడిగించండి, పది అడుగుల దూరంలో కనిపించదు. రోల్ త్రో (పక్కకు దొర్లించే కదలిక) సగానికి తగ్గించి, స్టిక్ మధ్యలో స్పందన మెత్తబడేలా ఎక్స్‌పో పెట్టండి. ఊగుతున్నప్పుడు స్టిక్‌తో వెంటాడకుండా వదిలేసి, ముక్కు కొద్దిగా దించి వేగం తెచ్చుకోండి. వేగం చచ్చిపోయేలా ముక్కు ఎత్తి దింపాలనుకునే వాళ్ళకే ఈ ఊపు ఎక్కువ వస్తుంది.

సమస్య: బూస్ట్‌లో బర్రుమని శబ్దం, తరువాత ఎలెవాన్ ఊడింది

ఇది ఫ్లట్టర్, అంటే వేగానికి ఎలెవాన్ గడగడలాడటం. దాన్ని రెక్కకు పట్టే హింజ్ టేపు వదులైంది, లేదా సర్వో (ఎలెవాన్‌ను కదిపే చిన్న మోటారు) నుంచి వచ్చే పుష్‌రాడ్ కడ్డీ సన్నగా ఉండి వంగుతోంది. ఎలెవాన్‌ను వేళ్ళతో కదిపితే సర్వో కదలకుండా అది కదలకూడదు. పుష్‌రాడ్ తగిలించే హారన్ రంధ్రం వదులైతే హారన్ మార్చండి, జిగురుతో పూడ్చవద్దు.

సమస్య: రెయిల్ దాటి గాలివైపు వంగిపోతోంది

మధ్యాహ్నమయ్యేసరికి అంతర్వేది, అల్లవరం వైపు సముద్రపు గాలి గట్టిగా తిరుగుతుంది. ఈ6 లాంటి మోటారుతో మోడల్ రెయిల్ నిదానంగా వదులుతుంది కాబట్టి గాలి దాన్ని తిప్పేస్తుంది. పొద్దున్నే, కొబ్బరాకులు కదలకముందే ఎగరేయండి. రెయిల్ ఆరడుగులకు తగ్గకూడదు. మోడల్ ఎంత తేలికైతే అంత మేలు. పెయింటు ఒక పూత చాలు.

సమస్య: మోటారు అంటుకోలేదు

దూరం నుంచే కంట్రోలర్ బ్యాటరీ వైరు విప్పి, నిమిషం ఆగి, అప్పుడే దగ్గరికి వెళ్ళండి. గోదారి గాలికి ఇగ్నైటర్ కొన చెమ్మగిల్లుతుంది, క్లిప్పులకు తుప్పు పడుతుంది. సిలికా జెల్ వేసిన మూత బిగుతు డబ్బాలో మోటార్లు, ఇగ్నైటర్లు విడివిడిగా ఉంచండి. క్లిప్పులను ఉప్పుకాగితంతో రుద్దండి. ప్యాడ్ కింద తడిపిన గోనెపట్టా పరవండి. కొయ్యకాళ్లు, గడ్డివాములు ఎండి ఉండే రోజుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు, పక్కన తాటాకిల్లు ఉంటే ఆ చేను వదిలేయండి.

సమస్య: రొయ్యల చెరువులో పడింది

ఏరేటర్లు తిరుగుతుంటే నీళ్ళలోకి దిగవద్దు, చెరువు కాపలా మనిషిని పిలిచి ఆపించండి. బయటికి తీయగానే బ్యాటరీ పీకి, సర్వోలూ రిసీవరూ మంచినీళ్ళలో కడిగి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టండి. ఉప్పునీళ్ళు తాకిన లైపో బ్యాటరీని ఇంట్లోకి తేవద్దు, చార్జింగ్‌కు పెట్టవద్దు. ఆరుబయట ఇటుకల మధ్య విడిగా పెట్టి, తరువాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇచ్చేయండి.