కడప ఎండకు బ్యాటరీ డబ్బా: వేడిని లాగే ప్లాస్టిక్ ఎంచుకునేదెట్లా

"అన్నా, డబ్బా మీద చెయ్యి పెడితే చల్లగానే ఉంది, మరి బండి ఎందుకు కట్ అయితాంది?" అని పోయిన ఎండాకాలం ఒక ఈ-ఆటో తమ్ముడు అడిగాడు. విప్పి చూస్తే సెల్స్ కాగుతున్నాయి, బ్యాటరీని కాపాడే సర్క్యూట్ బీఎంఎస్ తన పని తాను చేసి కరెంటు ఆపేసింది. డబ్బా చల్లగా ఉండటమే అక్కడ రోగం. లోపలి వేడి గోడ దాకా రావడమే లేదు. వేడిని లాగే ప్లాస్టిక్‌తో డబ్బా చేయిద్దాం అనుకుంటున్నవాళ్లు ముందు ఈ సంగతి బుర్రకెక్కించుకోండి, లేకపోతే డబ్బులు దండగ.

ఈ ప్లాస్టిక్ అంటే వేడిని పంపే పొడి కలిపిన ప్లాస్టిక్, అది ఎట్లా పనిచేస్తుందో కడప వాళ్లకు చెప్పడం సులువు. మే నెలలో వాకిట్లో బండ మీద వట్టికాళ్లతో నిలబడితే చుర్రుమంటుంది, అదే ఎండలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ అంత కాల్చదు, ఎందుకంటే బండ తనలోని వేడిని గబగబా కాలికి అప్పజెబుతుంది. మామూలు ప్లాస్టిక్ ఉష్ణ వాహకత, అంటే వేడిని ఎంత బాగా పంపుతుందో చెప్పే అంకె, 0.2, 0.3 దగ్గర ఉంటుంది, యూనిట్ మీటర్-కెల్విన్‌కు ఇన్ని వాట్లు అని, ఇక మళ్లీ మళ్లీ రాయను. మన బండ లాంటి సున్నపురాయి 2 చుట్టుపక్కల. వేడిని లాగే ప్లాస్టిక్ గ్రేడ్లు చాలావరకు 1 నుంచి 10 మధ్య. పోత పోసిన అల్యూమినియం 100 దగ్గర. ఎవరైనా అల్యూమినియంతో సమానం అని అమ్మబోతే నవ్వి ఊరుకోండి.

మరి దీంతో లాభం ఏంటంటే బరువు. డబ్బా మొత్తం గోడల వైశాల్యం 0.8 చదరపు మీటర్లు అనుకోండి. 2 మిల్లీమీటర్ల ఇనుప రేకుతో చేస్తే పన్నెండున్నర కిలోలు, 3 మిల్లీమీటర్ల అల్యూమినియంతో ఆరున్నర, ఈ ప్లాస్టిక్‌ను గట్టిదనం కోసం 4 మిల్లీమీటర్ల మందం పెట్టినా ఐదు కిలోల చుట్టుపక్కలే. పైగా తుప్పు పట్టదు, తగిన రకం తీసుకుంటే షార్ట్ భయమూ తక్కువ.

ఇప్పుడు అసలు లెక్క. సెల్ నుంచి బయటి గాలికి పోయే దారిలో వేడికి మూడు అడ్డాలు ఉంటాయి. 3 మిల్లీమీటర్ల మామూలు ప్లాస్టిక్ గోడ అడ్డం 12 పాళ్లు అనుకుంటే, సెల్‌కీ గోడకీ మధ్య 2 మిల్లీమీటర్ల గాలి సందు ఉంటే దాని అడ్డం ఇంచుమించు 77 పాళ్లు, డబ్బా బయట కదలని గాలి ఇంకో 100 పాళ్లు. గోడను వాహకత 1 ఉన్న ప్లాస్టిక్‌తో మారిస్తే 12 కాస్తా 3 అవుతుంది, మొత్తం 189 నుంచి 180కి దిగుతుంది. అంతే! అదే మామూలు గోడే ఉంచి ఆ సందులో 1.5 వాహకత ఉన్న గ్యాప్ ప్యాడ్ (సందు నింపే మెత్తటి షీటు) నొక్కి పెడితే 77 పోయి 1 చిల్లర మిగులుతుంది. అందుకే ముందు సందు పూడ్చండి, తర్వాత ప్లాస్టిక్ గురించి ఆలోచించండి. సందు పూడ్చి, బండి కదిలేటప్పుడు డబ్బా అడుగుకు గాలి తగిలేలా బిగిస్తే బయటి అడ్డం 30, 35కి పడిపోతుంది, అప్పుడు గోడ తాలూకు 12 పాళ్లు లెక్కలోకి వస్తాయి. ఈ ప్లాస్టిక్‌కు పెట్టిన డబ్బు తిరిగొచ్చేది అక్కడే.

వేడి ఎంత పుడుతుందో కూడా చూసుకోండి. ప్యాక్ మొత్తం అంతర్గత నిరోధం 20 మిల్లీఓమ్‌లు అనుకుంటే, 40 ఆంపియర్లు లాగినప్పుడు 32 వాట్లు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో ఎక్కుతూ 80 లాగితే 64 కాదు, 128. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఘాట్ ఎక్కాక పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు కదా, బండిని నీడలో ఆపండి, దానికీ విశ్రాంతి.

ప్లాస్టిక్‌లో ఏం కలిపారో తప్పకుండా అడగండి. గ్రాఫైట్ చవక, వేడిని బాగా లాగుతుంది, కానీ కరెంటునూ పంపుతుంది, సెల్స్ పక్కన దాన్ని పెట్టడం నాకు నచ్చదు. తప్పదంటే మధ్యలో ఇన్సులేషన్ షీటు ఉండాల్సిందే. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ పొడి, కరెంటును ఆపుతుంది, ధర అందుబాటులో ఉంటుంది, కాకపోతే బరువు, పైగా ఆకురాయిలా అచ్చును అరగదీస్తుంది కాబట్టి మౌల్డింగ్ వాళ్లు మొహం ముడుస్తారు. బోరాన్ నైట్రైడ్ అన్నిటికన్నా మంచిది, ధర వింటే మాత్రం టెన్షన్ వస్తుంది. సరుకు వచ్చాక మల్టీమీటర్‌తో కంటిన్యూయిటీ చూడండి, బీప్ అంటే పక్కన పడేయండి. బీప్ రాకపోయినా మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఇన్సులేషన్ పరీక్ష చేయించే వాడండి.

డేటా షీట్‌లో పెద్ద అక్షరాల్లో వాహకత 8 అని ఉంటే ఏ దిశలో అని అడగాలి. గ్రాఫైట్, బోరాన్ నైట్రైడ్ రేణువులు చిన్న చిన్న రేకుల్లా ఉంటాయి, అచ్చులో ప్లాస్టిక్ పారేటప్పుడు అవి ప్రవాహం వెంట పడుకుంటాయి. దాంతో గోడ వెంబడి వేడి బాగా పాకుతుంది, గోడకు అడ్డంగా బయటికి మాత్రం అందులో కొంత భాగమే పోతుంది. మీకు కావాల్సింది అడ్డంగా పోయే లెక్క, అది వేరుగా రాసిస్తేనే కొనండి. గోడ వెంబడి పాకడం కూడా వృథా కాదు, ఒక మూల కాగే సెల్ వేడిని అడుగంతా పంచుతుంది.

ఇంకో మాట, డబ్బా మొత్తం దీంతోనే చేయొద్దు. వేడికి దారి తెరిస్తే అది రెండువైపులా నడుస్తుంది, ఎండలో నిలబెట్టిన బండిలో బయటి వేడి లోపలికి దూరుతుంది. సెల్స్ ఆనుకునే అడుగు మాత్రం వేడి లాగే ప్లాస్టిక్, మూత మామూలు ప్లాస్టిక్, మూత రంగు తెలుపు. నేనైతే ఇట్లాగే చేస్తాను.

పొడి ఎక్కువ కలిపేకొద్దీ ప్లాస్టిక్ పెళుసవుతుంది. నా మొదటి డబ్బాలో స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లోకే బిగించాను, గుంతల రోడ్ల మీద నెల తిరగకముందే నాలుగు మూలలా పగుళ్లు. ఇప్పుడు స్క్రూలు బిగించే చోట మరలున్న ఇత్తడి ఇన్సర్టులు పెట్టి, మూలలు గుండ్రంగా చేయించి, బండి ఛాసిస్‌కు రబ్బరు బుష్షుల మీద కూర్చోబెడుతున్నాను. నైలాన్ రకమైతే గుళికలను మౌల్డింగ్‌కు ముందు ఆరబెట్టారా అని అడగండి, అది తేమ పీల్చుకునే జాతి.

మంటల సంగతికి వస్తే యూఎల్ 94 వీ-0 (ప్లాస్టిక్‌కు అంటుకున్న మంట త్వరగా ఆరుతుందని చెప్పే రేటింగ్) అని ఉంటే సరిపోదు, ఏ మందానికి ఇచ్చారో చూడాలి. 3 మిల్లీమీటర్లకు ఇచ్చిన రేటింగ్ మీ గోడ ఒకటిన్నర మిల్లీమీటరే అయితే దానికి వర్తించదు. వాయువు పోయే వెంట్ వాల్వ్ మూతకు పెట్టండి, సెల్స్ మధ్య మైకా షీట్లు వేయండి. రోడ్డు మీద తిరిగే రెండు, మూడు చక్రాల బండికి అమ్మే ప్యాక్ అయితే బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్ 156 పరీక్షలు తప్పవు, ఈ డబ్బాతో కలిపే పాస్ అవ్వాలి.

కొనే ముందు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. శాంపిల్ నుంచి 10 సెంటీమీటర్ల చదరపు ముక్క, అదే మందంలో మామూలు ప్లాస్టిక్ ముక్క తీసుకోండి. ఒక్కో ముక్క నడిమధ్యలో ఒక 33 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్‌ను థర్మల్ పేస్ట్‌తో ఆనించి 12 వోల్టులు ఇవ్వండి, నాలుగున్నర వాట్ల లోపు వేడి పుడుతుంది. సెల్స్‌తో ఈ ప్రయోగం వద్దు. అరగంట తర్వాత నడిమికీ అంచుకీ ఉష్ణోగ్రత తేడా చూడండి. మామూలు ముక్క నడుమ కాగి అంచు చల్లగా ఉంటుంది, మంచి శాంపిల్‌లో ఆ తేడా బాగా తగ్గాలి. అల్యూమినియం ముక్కను కూడా పెట్టి పోల్చాలనుకుంటే దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి ఆ టేపు మీదే ఐఆర్ గన్ (దూరం నుంచే ఉష్ణోగ్రత చూపేది) గురిపెట్టండి, మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది. ఆ రోజు ఫ్యాన్ ఆపేయండి, చెమట పోసినా సరే.