తప్పిన హైస్కూల్ క్రెడిట్లను ఆన్‌లైన్ కోర్సుతో పూడ్చుకోవడం ఎలా
అమెరికాలో హైస్కూల్ సబ్జెక్టు తప్పి, హైస్కూల్ పూర్తిచేయడానికి లెక్కలోకి వచ్చే క్రెడిట్లు కోల్పోయినవారు, ఫీజు కట్టేముందు స్కూలు కౌన్సెలర్‌తో కలిసి ట్రాన్స్‌క్రిప్టు (సబ్జెక్టులు, గ్రేడ్ల అధికారిక రికార్డు) చూసి, ఆల్జీబ్రాలో తగ్గింది ఒక సెమిస్టరా, ఏడాది మొత్తమా అన్నంత వివరంగా లెక్క తేల్చుకోవాలి. ఎంచుకున్న కోర్సును అంగీకరిస్తామని స్కూలు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. తమకు గుర్తింపు ఉందని కోర్సు నడిపే సంస్థ చేసే ప్రకటన ఒక్కటే చాలదు. కాలేజీ క్రీడల్లో ఆడదలచినవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే టీచరుతో క్రమం తప్పని సంప్రదింపులు లేని కోర్సులను అక్కడి కాలేజీ క్రీడలను పర్యవేక్షించే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకోదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రవేశానికి అవసరమైన సబ్జెక్టుల్లో కనీసం ‘సి’ గ్రేడు రావాలి కనుక, అక్కడ చేరాలనుకునేవారికి గట్టెక్కితే చాలదు. పర్యవేక్షణలో రాయాల్సిన చివరి పరీక్ష ఉంటే, దాని తేదీని చేరిన రోజే అడిగి, పాఠాలను వారాలవారీగా పంచుకోవాలి. కోర్సు ముగిశాక గ్రేడు దానంతటదే స్కూలుకు చేరుతుందనుకోకుండా, అధికారిక ట్రాన్స్‌క్రిప్టు పంపించి, క్రెడిట్ నమోదైందో లేదో సరిచూసుకోవాలి.