వేడికి రంగు మార్చుకునే బట్టను తయారు చేసుకునే విధానం

చుట్టూ ఉన్న వేడి, వెలుతురు, తేమ మారినప్పుడు తన గుణాన్ని కూడా మార్చుకునే బట్టను స్మార్ట్ టెక్స్‌టైల్ అంటారు. ఈ పేరు వినగానే బ్యాటరీలు, తీగలు గుర్తుకు వస్తాయి గాని, అవేవీ లేకుండానే స్పందించే బట్టలు చాలా ఉన్నాయి. ఉన్నినే తీసుకుంటే, అది తన బరువులో దాదాపు 30 శాతం వరకు నీటి ఆవిరిని పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. పైగా పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని విడుదల చేస్తుంది. మొదటిసారి ప్రయత్నించేవారికి మాత్రం వేడికి రంగు మార్చే థర్మోక్రోమిక్ పిగ్మెంటుతో, అంటే ఒక రకం రంగు పొడితో, మొదలుపెట్టమని నేను చెబుతాను. కష్టమైన రసాయన శాస్త్రమంతా ఆ పొడిలోనే ఇమిడి ఉంటుంది కనుక, మన చేతిలో కుంచె, ఇస్త్రీపెట్టె, ఒక థర్మామీటరు ఉంటే చాలు.

పని మొదలుపెట్టే ముందు ఆ పొడిలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. పిగ్మెంటులోని ప్రతి రేణువూ కొన్ని మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణం గల ఒక గుళిక. దాని లోపల మూడు పదార్థాలు ఉంటాయి: ల్యూకో రంగు (రంగు ఉన్న స్థితికీ, లేని స్థితికీ మారగల పదార్థం), దానికి రంగు తెప్పించే ఒక బలహీనమైన ఆమ్లం, ఈ రెండింటినీ కలిపి ఉంచే మైనం వంటి ద్రావణి. చల్లగా ఉన్నంతసేపు ద్రావణి గడ్డకట్టి ఉంటుంది, ఆమ్లమూ రంగూ జతకట్టి ఉంటాయి, మనకు నీలమో ఎరుపో కనిపిస్తుంది. వేడి తగిలి ద్రావణి కరగగానే ఆ జత విడిపోయి రంగు మాయమవుతుంది. చల్లబడితే మళ్లీ వస్తుంది. అంటే రంగు ఏ ఉష్ణోగ్రత దగ్గర మారాలో నిర్ణయించేది ఆ ద్రావణి కరిగే ఉష్ణోగ్రతే. గుళిక గోడ పగిలితే మాత్రం అంతా పోయినట్టే, ఆ తరువాత ఆ రేణువు స్పందించదు.

ఈ పని మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఉష్ణోగ్రత ఎంపిక. ఎక్కువగా దొరికే పిగ్మెంటు 31 డిగ్రీల సెల్సియస్ దగ్గర మారుతుంది. అంతకంటే తక్కువకు, ఎక్కువకు మారేవి కూడా తయారవుతాయి. చేయి తగిలితే మారాలన్న ఉద్దేశంతో నేను మొదటిసారి 31 డిగ్రీల నీలం రంగునే కొని, రెండు రోజులు కష్టపడి ఒక పెద్ద గుడ్డ మీద లతల్లాంటి తీగల నమూనా వేసి గోడకు వేలాడదీశాను. వేసినప్పుడు ముదురు నీలంగా ఉన్న తీగలు ఎండాకాలం రాగానే గోడ మీదే తెల్లబడి, నెలల తరబడి అలాగే ఉండిపోయాయి. పిగ్మెంటులో లోపమేమీ లేదు. ఆ గదే పగలంతా 31 డిగ్రీలు దాటి ఉండేది. స్పందించాలంటే గుడ్డ ఉండే చోట ఉష్ణోగ్రత ఆ గీతకు ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్లాలి. ఎప్పుడూ ఒకే వైపు ఉండే చోట ఎంత మంచి పిగ్మెంటైనా మామూలు రంగుతో సమానమే.

అందువల్ల గుడ్డను ఎక్కడ ఉంచదలచుకున్నారో అక్కడ ఒక థర్మామీటరు పెట్టి, తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి వచ్చే అంకెలను కనీసం వారం రోజులపాటు రాసుకోండి. ఒంటి మీద వేసుకునే బట్ట అయితే లెక్క వేరు. చర్మం సుమారు 32 నుంచి 34 డిగ్రీల మధ్య ఉంటుంది, బయటి గాలి దానికంటే చల్లగా ఉంటే బట్ట ఆ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. వదులుగా ఉన్న చోట గాలికి దగ్గరగానూ, ఒంటికి అంటుకున్న చోట చర్మానికి దగ్గరగానూ ఉంటుంది. 1991లో జెనెరా అనే సంస్థ హైపర్‌కలర్ పేరుతో ఇటువంటి చొక్కాలను పెద్ద ఎత్తున అమ్మినప్పుడు, వేసుకున్నవారి చంకల దగ్గర ముందుగా రంగు మారడం అందరి కంటా పడింది. కాబట్టి చొక్కా మీద నమూనా వేసేటప్పుడు ముంజేయి, భుజం పైభాగం వంటి చోట్లను ఎంచుకోవడం మంచిది. ఇంకొక సంగతి: వేడెక్కేటప్పుడు 31 దగ్గర పోయిన రంగు, చల్లబడేటప్పుడు సరిగ్గా 31 దగ్గరే తిరిగి రాదు; కొన్ని డిగ్రీలు దిగువకు వచ్చాకే పూర్తిగా తేరుకుంటుంది.

గుడ్డ విషయానికి వస్తే, లేత రంగులో, దగ్గరి నేతతో ఉన్న కాటన్ అన్నిటికంటే అనుకూలం. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది కనుక దానిని వేడి నీళ్లలో సబ్బుతో ఉతికి, బాగా జాడించి, ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి. గంజి మిగిలిపోతే రంగు దాని మీద కూర్చుంటుంది తప్ప పోగును పట్టుకోదు, మొదటి ఉతుకులోనే పొరలుగా లేస్తుంది.

పొడిని కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. బట్టల ప్రింటింగుకు వాడే, నీటితో కలిసే పారదర్శకమైన బైండరును (రంగును గుడ్డకు అంటించే జిగురును) 10 భాగాలు తూచి, అందులో 1 భాగం పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ చెక్క పుల్లతో నెమ్మదిగా కలపాలి. మిక్సీలో వేసి తిప్పితే గుళికలు నలిగిపోతాయి. ఆల్కహాలు, అసిటోన్ వంటి ద్రావకాలు తగిలినా అవి పాడవుతాయి కనుక పలుచన చేయాలంటే నీరే వాడాలి. రంగు చాలదనిపిస్తే పొడిని కొంచెం పెంచవచ్చు, కానీ మితిమీరితే ఆరిన పొర బిరుసెక్కి పగుళ్లు ఇస్తుంది. వేడి తగలగానే గుడ్డ తెల్లబడడం కాకుండా మరో రంగులోకి మారాలనుకుంటే, అదే మిశ్రమంలో మామూలు పసుపు రంగు పిగ్మెంటును చిటికెడు కలపండి: నీలం ఉన్నంతసేపు ఆకుపచ్చగా ఉండి, నీలం పోగానే పసుపు మిగులుతుంది. నాకు మొత్తం పనిలో అన్నిటికంటే సంతోషాన్నిచ్చే దశ ఇదే. అరచేయి ఆనించి తీయగానే ఆకుపచ్చ మధ్యలో అయిదు వేళ్లూ పసుపు పచ్చగా కనిపిస్తాయి, తరువాత వేళ్ల అంచుల నుంచి లోపలికి ఆకుపచ్చ మెల్లగా తిరిగి వస్తుంది.

మిశ్రమాన్ని కుంచెతో గాని, స్క్రీన్ ఫ్రేముతో గాని రెండు పలుచని పూతలుగా వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. రాత్రంతా నీడలో ఆరబెట్టిన తరువాత, పైన పలుచని గుడ్డ పరచి వెనుక వైపు నుంచి మధ్యస్థమైన వేడితో ఇస్త్రీ చేస్తే బైండరు గట్టిపడుతుంది. ఇస్త్రీపెట్టెను ఒకేచోట ఆనించి ఉంచకూడదు. ఇస్త్రీ చేస్తున్నంతసేపు రంగు కనిపించకపోతే కంగారుపడవద్దు, గుడ్డ చల్లారాక వస్తుంది.

పరిసరాల వేడికి తోడు, మనం కోరినప్పుడు కూడా రంగు మారాలనుకునేవారు గుడ్డ వెనుక స్టెయిన్‌లెస్ స్టీలు దారంతో కరెంటు పారితే వేడెక్కే ఒక గీతను, అంటే వేడి గీతను, కుట్టుకోవచ్చు. వెండి పూత నైలాన్ దారం విద్యుత్ సంకేతాలు పంపడానికి బాగుంటుంది గాని వేడికి తట్టుకోదు. కుట్టుమిషను మీద అయితే స్టీలు దారాన్ని బాబిన్‌లో చుట్టి, పైన మామూలు దారం పెడితే చిక్కుపడకుండా నడుస్తుంది. దారం నిరోధాన్ని, అంటే అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో, తప్పకుండా మల్టీమీటరు అనే కొలత పరికరంతో కొలవాలి. ఉదాహరణకు మీటరుకు 30 ఓములు వస్తే, 33 సెంటీమీటర్ల ముక్కకు సుమారు 10 ఓములు ఉంటుంది. దానికి బ్యాటరీ నుంచి 5 వోల్టులు ఇస్తే అర ఆంపియరు కరెంటు పారి 2.5 వాట్ల వేడి పుడుతుంది. మొదటి పరీక్షకు ఇది చాలు. ముక్క పొడవును సగానికి తగ్గిస్తే కరెంటు రెట్టింపవుతుంది, పైగా ఆ వేడి అంతా సగం పొడవులోనే పుడుతుంది, అందుకే చిన్న ముక్కలే ప్రమాదకరం. మామూలు టంకం స్టీలు దారానికి సరిగా పట్టదు. కొనలను లోహపు టిచ్ బటన్లకు గట్టిగా చుట్టి కుట్టి, తీగలను ఆ బటన్ల ద్వారా కలపండి. గుడ్డ మడతపడినప్పుడు ఒక వరుస మరో వరుసకు తగిలితే షార్ట్ అవుతుంది, కనుక పైన ఒక కాటన్ అస్తరు కుట్టాలి. గోడ ప్లగ్గు కరెంటును నేరుగా ఎన్నడూ ఇవ్వకూడదు. నిద్రపోయేవారి దగ్గర, చిన్నపిల్లల ఒంటి మీద ఈ గీతను వాడవద్దు. కొన్ని పిగ్మెంట్లలో ఆమ్లంగా బిస్‌ఫినాల్ ఎ అనే, ఒంట్లోకి పోతే హాని చేయగల రసాయనం ఉంటుంది కనుక, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకు ఈ రంగు అసలే పనికిరాదు.

ఎండకు రంగు తెచ్చుకునే ఫోటోక్రోమిక్ పిగ్మెంటును కూడా ఇదే పద్ధతిలో పూయవచ్చు. అది అతినీలలోహిత కిరణాలకు మాత్రమే స్పందిస్తుంది, మామూలు గది దీపం కింద నిశ్చలంగా ఉంటుంది.

థర్మోక్రోమిక్ గుడ్డకు మాత్రం ఆ కిరణాలే పెద్ద శత్రువు. కిటికీ దగ్గర రోజూ ఎండ పడేలా వేలాడదీస్తే రంగు క్రమంగా పాలిపోయి, చల్లబడినా తిరిగి రాని స్థితికి చేరుతుంది. ఉతకవలసి వచ్చినప్పుడు చన్నీళ్లలో తేలికపాటి సబ్బుతో చేత్తోనే, లోపలి వైపును బయటకు తిప్పి ఉతకాలి; బ్లీచు వద్దు, పిండడం వద్దు, నీడలోనే ఆరేయాలి. వేడి గీత ఉన్నదాన్ని బ్యాటరీ తీసి ఉతికి, పూర్తిగా ఆరాక మల్టీమీటరుతో మళ్లీ కొలిచి, మొదటి అంకెకు దగ్గరగా ఉంటేనే కరెంటు ఇవ్వాలి.

కలిపిన ప్రతి మిశ్రమంతోనూ అరచేతి వెడల్పు గుడ్డ ముక్క ఒకటి అదనంగా పూసి, దాని వెనుక తేదీ, పొడి పాళ్లు, రంగు పోయిన ఉష్ణోగ్రత, తిరిగి వచ్చిన ఉష్ణోగ్రత రాసి, వెలుతురు పడని పెట్టెలో దాచుకోండి. ఆరు నెలల తరువాత దానిని తీసి వాడుకలో ఉన్న గుడ్డ పక్కన పెడితే, ఎండా ఉతుకూ కలిసి ఎంత రంగును తినేశాయో ఒక్క చూపులో తెలుస్తుంది; తేడా మరీ ఎక్కువగా ఉంటే అదే పాళ్లతో మరో పలుచని పూత వేయడానికి సమయం వచ్చినట్టే.