బోటు గీజర్‌లో నీళ్లు వేడెక్కడం లేదా? ఎలిమెంట్ కొనేముందు ఎర్ర బటన్ చూడండి

బోటులో వేడినీళ్లు రావడం లేదనగానే చాలామంది చేసే మొదటి పని కొత్త ఎలిమెంట్ తెప్పించడం. ట్యాంకు ఖాళీ చేసి, ఇరుకు లాకర్‌లో తల దూర్చి, పాతది ఊడదీసి కొత్తది బిగిస్తారు. స్విచ్ వేస్తే నీళ్లు మళ్లీ చల్లగానే వస్తాయి. ఊడదీసిన ఎలిమెంట్‌కు మల్టీమీటర్ పెడితే అది నిక్షేపంగా ఉంటుంది. ఇలా అన్యాయంగా బయటికొచ్చిన ఎలిమెంట్లు నేను ఎన్నో చూశాను. దయచేసి స్పానర్ తీసేముందు మీటర్ తీయండి.

అంతకంటే ముందు కరెంటు సంగతి. బ్రేకర్ దించితే సరిపోదు. షోర్ పవర్ కేబుల్ (రేవు నుంచి బోటుకు కరెంటు తెచ్చేది) పీకేయండి, ఇన్వర్టర్ ఆపండి, జనరేటర్ దానంతటదే స్టార్ట్ అయ్యే రకమైతే దాన్నీ ఆపండి. బయటి కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకుని అవే వైర్లలోకి కరెంటు పంపే వైరింగ్ చాలా బోట్లలో ఉంటుంది. టెర్మినల్స్ దగ్గర మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

నీళ్లు అసలు వేడెక్కడం లేదు, బ్రేకర్ మాత్రం పడలేదు

గీజర్ మూత తీయండి. థర్మోస్టాట్ (నీళ్లు తగినంత వేడెక్కగానే ఎలిమెంట్‌ను ఆపే భాగం) మీదో పక్కనో చిన్న బటన్ ఉంటుంది, చాలా మోడళ్లలో ఎర్రది. నీళ్లు హద్దు మీరి వేడెక్కితే ఎలిమెంట్‌కు కరెంటు ఆపేసే కటాఫ్ అది. ఒకసారి ట్రిప్ అయితే మళ్లీ నొక్కేదాకా కలవదు. నొక్కినప్పుడు 'టక్'మని లోపలికి దిగిందంటే మీ ఎలిమెంట్ దాదాపు ఖాయంగా బాగానే ఉంది. ట్యాంకు ఇంకా వేడిగా ఉంటే బటన్ నిలవదు, చల్లారనివ్వండి.

బటన్ దిగే ఉందా? అప్పుడు ఎలిమెంట్ నుంచి ఒక వైరు విప్పి ఓమ్స్ చూడండి. 230 వోల్టుల మీద 1200 వాట్ల ఎలిమెంట్ అయితే సుమారు 44 ఓమ్‌లు, 750 వాట్లదైతే 70 దాకా రావాలి. 120 వోల్టుల 1500 వాట్లదానికి 10కి కాస్త తక్కువ. ఆ దరిదాపుల్లో ఉంటే ఎలిమెంట్ జోలికి పోకండి. మీటర్ ఏమీ చూపించకపోతే అప్పుడు కాలిపోయినట్టు.

బటన్ నొక్కితే బాగయింది, కొన్నాళ్లకు మళ్లీ అదే

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. బోటు గీజర్‌కు వేడి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కరెంటు ఎలిమెంట్, రెండోది ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తిరిగే కాయిల్. థర్మోస్టాట్ చేతిలో ఉండేది మొదటిది మాత్రమే. నీళ్లు 60 డిగ్రీలకు చేరాయనుకోండి, ఎలిమెంట్ ఆగిపోతుంది. ఇంజిన్ ఆగదు కదా. కూలెంట్ 80, 90 డిగ్రీల మధ్య తిరుగుతూ ఉంటుంది. నాలుగైదు గంటలు ఇంజిన్ మీద వెళితే ట్యాంకు కూడా ఇంచుమించు అంత వేడికీ చేరుతుంది. చాలా కటాఫ్‌లు పడిపోయేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే.

అయితే అది పడిన సంగతి ఆ సాయంత్రం ఎవరికీ తెలియదు. ట్యాంకు నిండా కాలేకాలే నీళ్లున్నాయి, అందరూ హాయిగా స్నానాలు చేస్తారు. మర్నాడు రేవులో షోర్ పవర్ పెట్టి స్విచ్ వేస్తే నీళ్లు చల్లగా ఉంటాయి. నిన్న బ్రహ్మాండంగా పనిచేసింది, రాత్రికి రాత్రి ఎలిమెంట్ పోయిందని అనుకుంటారు. నిన్న నీళ్లు కాచింది ఇంజిన్ అన్న సంగతి ఎవరికీ తట్టదు.

కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకుని చూడండి: బటన్ ఎప్పుడు పడుతోంది? ఇంజిన్ మీద దూరం వెళ్లొచ్చిన ప్రతిసారీ పడుతుంటే కారణం కూలెంటే. ఇంజిన్ టెంపరేచర్ మామూలుగా ఉందో లేదో ముందు చూసుకోండి. మామూలుగానే ఉంటే, ట్యాంకు తగినంత వేడెక్కాక కూలెంట్‌ను కాయిల్‌లోకి పోనివ్వకుండా పక్కకు మళ్లించే థర్మోస్టాటిక్ వాల్వ్ వేయాలి. చేత్తో తిప్పే బైపాస్ వాల్వ్ అయినా పర్వాలేదు, తిప్పడం గుర్తుంటే. కాయిల్‌కు వెళ్లే కూలెంట్ గొట్టాన్ని ఊరికే మూసేయకండి. కొన్ని ఇంజిన్లకు ఆ దారిలో కూలెంట్ తిరుగుతూనే ఉండాలి. ఇంజిన్ మాన్యువల్ చూశాకే చేయండి.

వేడినీళ్లు బయటికొచ్చే చోట చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ ఉంది కదా, చాలదా అంటారు. అది మనిషి చర్మాన్ని కాపాడుతుంది, తప్పకుండా ఉండాలి కూడా. 80 డిగ్రీల నీళ్లు పడితే చెయ్యి క్షణంలో బొబ్బలెక్కుతుంది. కానీ ట్యాంకు లోపలి వేడిని అది తగ్గించదు, బటన్ పడుతూనే ఉంటుంది.

ఇంజిన్ వేయకుండా రేవులో ఉన్నప్పుడే పడుతోందా? అప్పుడు తప్పు థర్మోస్టాట్‌ది. లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి ఉంటాయి, లేదా బోటు కుదుపులకు క్లిప్ వదులై థర్మోస్టాట్ వీపు ట్యాంకుకు ఆనడం లేదు. మధ్యలో కాగితమంత సందు వచ్చినా దానికి నీళ్ల నిజమైన వేడి తెలియదు, ఎలిమెంట్ కాస్తూనే ఉంటుంది. సరిగ్గా ఆనించండి, అయినా పడితే మార్చేయండి.

విసుగొచ్చి కటాఫ్‌ను వైరు ముక్కతో డైరెక్ట్ చేసేవాళ్లున్నారు. అది మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ తర్వాత ట్యాంకు పేలకుండా కాపాడేది ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ ఒక్కటే. అది ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే అదీ లేనట్టే.

కొత్త ఎలిమెంట్ వేసిన రోజే కాలిపోయింది

నీళ్లు నిండకముందే స్విచ్ వేశారు. ఎలిమెంట్ గాలిలో ఉంటే నిమిషం కూడా నిలవదు. పంపు ఆగిపోయింది కాబట్టి ట్యాంకు నిండిందనుకోవద్దు. వేడినీళ్ల ట్యాప్ తెరిచి ఉంచి, గాలి బుడగలు లేకుండా సన్నని ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయండి. చలికాలానికి ట్యాంకు ఖాళీ చేసే బోట్లలో గీజర్‌ను తప్పించే బైపాస్ వాల్వులు ఉంటాయి. అవి తిరిగి మార్చకపోతే ట్యాప్‌లో నీళ్లు వస్తూనే ఉంటాయి, ట్యాంకు మాత్రం ఖాళీ.

స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే బ్రేకర్) పడుతోంది

ఎక్కువగా ఎలిమెంట్ తొడుగు పగిలి లోపలికి తేమ చేరి ఉంటుంది. రెండు వైర్లూ విప్పి, టెర్మినల్‌కూ ట్యాంకు బాడీకీ మధ్య చూడండి. ఏ రీడింగ్ వచ్చినా ఎలిమెంట్ మార్చాల్సిందే. మామూలు మీటర్‌కు దొరక్కపోతే మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టించండి.

మార్చేటప్పుడు పాతదాని మీద ముద్రించిన వోల్టులు, వాట్లు, మర సైజు చూసి అదే తెచ్చుకోండి. 240 వోల్టులది 120 మీద వేస్తే పావు వంతు వేడే వస్తుంది. 120ది 240 మీద వేస్తే వెంటనే పోతుంది. వాషర్‌తో సీల్ అయ్యే తిన్నటి మర అయితే టెఫ్లాన్ టేప్ చుట్టకండి, కొత్త వాషర్ వేసి బిగించండి చాలు. వైరు కొసలకు పచ్చగా చిలుము పట్టి ఉంటే కోసేసి కొత్త లగ్గులు క్రింప్ చేయండి.

వేడెక్కుతోంది గానీ చాలా ఆలస్యం

20 లీటర్లను 40 డిగ్రీలు పెంచడానికి 1200 వాట్లకు ముప్పావు గంట పడుతుంది. అంతకు రెట్టింపు పడుతుంటే ఎలిమెంట్‌కు సున్నం పేరుకుందా, షోర్ పవర్ వోల్టేజ్ పడిపోతోందా చూడండి. మిక్సింగ్ వాల్వ్ పాడవడం, స్విచ్ లోపల కాలిపోవడం అరుదు, వాటిని చివర్లో చూసుకోవచ్చు.