పెద్ద సంఖ్య లోపల ఏముందో కాగితం మీదే తేల్చడం ఎలా?

12345678987654321. పదిహేడు అంకెలు. మన లెక్కలో 123 కోట్ల కోట్ల పైమాటే. ఒకసారి దీన్ని స్ప్రెడ్‌షీట్‌లో టైప్ చేసి ఎంటర్ కొడితే చివరి రెండు అంకెలూ సున్నాలైపోయి 12345678987654300 అయింది. అది గమనించక గంటసేపు వేరే సంఖ్య మీద లెక్కలు చేశాను. స్ప్రెడ్‌షీట్లు మామూలుగా 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటాయి. అందుకే కాగితం, పెన్సిల్ తీసుకోండి. ఏ ప్రధాన సంఖ్యలను గుణిస్తే ఈ సంఖ్య వస్తుందో తేలుద్దాం.

1. చివరి అంకె చూడండి. ఇక్కడ 1. కాబట్టి ఇది 2తో గానీ 5తో గానీ పోదు, అంటే భాగిస్తే శేషం మిగులుతుంది. ఏ వర్గ సంఖ్యా 2, 3, 7, 8లతో ముగియదు. మనది 1తో ముగిసింది కాబట్టి వర్గం అయ్యే అవకాశం ఇంకా ఉంది.

2. అంకెలు కూడండి. మొత్తం 81. అది 9తో పోతుంది, కాబట్టి సంఖ్య కూడా పోతుంది. భాగిస్తే 1371742109739369. దీని అంకెల మొత్తం 72, అంటే మళ్లీ 9తో పోతుంది. ఇప్పుడు 152415789971041 వచ్చింది. దీని మొత్తం 64, ఇక 3 పని అయిపోయింది. ఇప్పటికి 3 నాలుగుసార్లు దొరికింది.

3. మూడేసి అంకెలుగా విడగొట్టండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే, బడిలో దీన్ని ఎందుకు ఎక్కువగా చెప్పరో తెలియదు. కుడివైపు నుంచి విడగొట్టి కూడితే:

152 + 415 + 789 + 971 + 041 = 2368

2368 అంటే 37 × 64. కాబట్టి ఆ పెద్ద సంఖ్య కూడా 37తో పోతుంది! కారణం చిన్నదే. 999 = 27 × 37. అందుకని 1000ని 37తో భాగిస్తే శేషం 1. వేల స్థానం, పది లక్షల స్థానం, ఏదైనా సరే, ఆ మూడంకెల గుంపు తన విలువతోనే మిగులుతుంది. భాగించి మళ్లీ ఇలాగే చూస్తే 37 ఇంకోసారి పోతుంది. మూడోసారి మాత్రం 111 + 333 + 666 + 889 = 1999 వస్తుంది, 37తో భాగిస్తే 1 మిగులుతుంది. అక్కడ ఆపండి.

గుంపులను కూడకుండా, కుడి నుంచి ఒకటి కూడి ఒకటి తీసేస్తూ పోతే 7, 11, 13 మూడూ ఒకేసారి తేలతాయి, ఎందుకంటే 1001 = 7 × 11 × 13. మొదటి సంఖ్యకు ఇలా చేస్తే 309 వస్తుంది. ఆ మూడింటిలో ఏదీ దాన్ని భాగించదు.

4. మిగిలినదాన్ని తొందరపడి భాగించకండి. చేతిలో 111333666889 ఉంది. ఇలాంటి చోటే మహామహులు ఆగిపోయారు. 67 రెళ్లను ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కాదని ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త లూకాస్ 1876లో తేల్చాడు, కానీ దాని కారణాంకాలు అతనికి దొరకలేదు. 1903లో అమెరికా గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని చూపించాడు: 193707721, 761838257287. కాదని తెలియడం వేరు, ఎలా విడిపోతుందో తెలియడం వేరు.

కాబట్టి ముందు వర్గమూలం ప్రయత్నించండి. 333000 వర్గం 110889000000. తేడా 444666889. దాన్ని 333000కు రెట్టింపైన 666000తో భాగిస్తే 667 చిల్లర. 333667ను వర్గం చేసి చూడండి, సరిగ్గా సరిపోతుంది.

333667 ప్రధాన సంఖ్యేనా? దాని వర్గమూలం 578 లోపే. అంటే 577 వరకూ ఉన్న 106 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఓపిక ఉంటే ఒక సాయంత్రం పని. ఏదీ పోదు, అది ప్రధాన సంఖ్యే.

5. ఘాతాలు లెక్కపెట్టండి. మన సంఖ్యలో 3 నాలుగుసార్లు, 37 రెండుసార్లు, 333667 రెండుసార్లు ఉన్నాయి. ఒక్కో లెక్కకు ఒకటి కలిపి గుణిస్తే 5 × 3 × 3 = 45 భాజకాలు. భాజకాలు మామూలుగా జతలు జతలుగా వస్తాయి. బేసి సంఖ్యలో ఉన్నాయంటే ఒకటి తనకు తానే జత, అంటే మొత్తం సంఖ్యే ఒక వర్గం. అది ఏ సంఖ్య వర్గమో చూడాలంటే ఒక్కో ప్రధాన సంఖ్యనూ సగంసార్లే (3ను రెండుసార్లు, మిగతావాటిని ఒక్కోసారి) తీసుకుని గుణించండి:

9 × 37 × 333667 = 111111111