పంచాంగం చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: పండగ ఏ రోజు?

పోయిన పాఠంలో తిథి గడి చదివాం. 'చతుర్దశి మ.3.44' అని ఉంటే ఆ టైమ్‌కి చతుర్దశి అయిపోయి అమావాస్య మొదలవుతుందని అర్థం. గడిలో ఉండేది తిథి ముగిసే టైమే. ఇవాళ్టి లెక్కంతా దాని మీదే.

చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి అయినట్టు. చంద్రుడి నడక ఒకే వేగంతో ఉండదు కాబట్టి తిథి 19 గంటల నుంచి 26 గంటల దాకా ఉంటుంది. రెండు తేదీల మీద పడుతుంది. ఇంట్లో టెన్షన్ అక్కడే మొదలు.

ఉగాదికి సూర్యోదయానికి పాడ్యమి ఉంటే చాలు. చాలామంది అన్ని పండగలకూ ఇదే లెక్క వేసేస్తారు, కుదరదు. ప్రతి పండగకూ దాని పూజ వేళ ఉంటుంది. శ్రీరామనవమికి, వినాయక చవితికి మధ్యాహ్నం. దీపావళికి పొద్దుగూకాక వచ్చే ప్రదోషం. శివరాత్రికి అర్ధరాత్రి. ఆ వేళకు తిథి ఏ రోజున ఉందో చూడాలి.

2025 దీపావళినే తీసుకోండి. అమావాస్య అక్టోబర్ 20 సోమవారం మధ్యాహ్నం 3.44కి వచ్చి, 21 సాయంత్రం 5.54కి వెళ్లిపోయింది. సూర్యోదయం చూస్తే 21. కానీ 21న హైదరాబాద్‌లో పొద్దుగూకిన కాసేపటికే అమావాస్య అయిపోయింది. 20న ప్రదోషం నుంచి రాత్రంతా ఉంది. అందుకే లక్ష్మీపూజ, టపాసులు సోమవారమే. సోమవారం తెల్లవారుజామున ఇంకా చతుర్దశే కాబట్టి నరక చతుర్దశి తలంట్లు కూడా అదే రోజు.

ఫోన్‌లో పంచాంగం చూసేవాళ్లు ఊరు హైదరాబాద్ అని పెట్టుకున్నారో లేదో చూడండి. న్యూజెర్సీలో ఉన్న అమ్మాయికి ఇక్కడి తేదీ చెప్పేయకండి, అక్కడ మారొచ్చు.

బోనాలకు ఈ తంటా లేదు. ఆషాఢంలో ఆదివారాలు చూసుకుంటే చాలు: ముందు గోల్కొండ (అక్కడ గురువారాలు కూడా), తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపై లాల్‌దర్వాజ. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం.

అభ్యాసం: 2025లో మాఘ బహుళ చతుర్దశి ఫిబ్రవరి 26 ఉదయం 11.08కి మొదలై 27 ఉదయం 8.54కి అయిపోయింది. శివరాత్రి ఏ రోజు? కారణం ఒక్క వాక్యంలో రాయండి. జవాబు వచ్చే పాఠంలో, ఏకాదశి ఉపవాసం లెక్కతో పాటు.